గట్టు దగ్గరి చేప

గాలం కొత్తగా పట్టినవాళ్లు దాదాపు అందరూ చెరువు నడిమధ్యకు విసురుతారు. చేప లోతులోనే ఉంటుంది, లోతు దూరంగానే ఉంటుంది అని మనసులో ఒక లెక్క. ఆ లెక్కతో రెండు గంటలు కూర్చుని, ఒక్కటీ పడక, ‘ఈ చెరువులో చేపల్లేవు’ అని రాడ్ కారులో పడేసి వెళ్లిపోతారు. వాళ్లు నిలబడిన చోటికి రెండు బారల దూరంలో, తుంగ మొదళ్ల దగ్గర, బ్లూగిల్ గుంపు సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుంది.

అమెరికాలో మన అపార్టుమెంట్ల వెనకాల, కౌంటీ పార్కుల్లో, ఇళ్ల మధ్య తవ్విన చెరువుల్లో, ఎండలు మొదలైనప్పటి నుంచి ఆకురాలే కాలం దాకా, తేలిగ్గా పట్టగలిగే చేప గట్టుకు దగ్గర్లోనే ఉంటుంది. లోతు తక్కువ కాబట్టి అక్కడి నీళ్లు ముందుగా వేడెక్కుతాయి. గడ్డిలోంచి, చెట్ల మీంచి పురుగూ పుట్రా రాలుతుంటాయి. పెద్ద చేప తరిమితే దూరడానికి నాచు ఉంటుంది. తిండీ, నీడా రెండూ ఒకేచోట దొరుకుతున్నప్పుడు చిన్న చేప నడిమధ్యకు ఎందుకు పోతుంది?

కాబట్టి దగ్గరగా వేయండి, చిన్నగా వేయండి. కొక్కెం చిన్నది, ఎర్ర ముక్క చిన్నది, బెండు చిన్నది. అడుగుల చప్పుడు కూడా చిన్నదే కావాలి. పాన్‌ఫిష్ అని ఇక్కడివాళ్లు పిలిచే బ్లూగిల్, రెడ్‌ఇయర్, పంప్‌కిన్‌సీడ్, ఎల్లో పర్చ్ వంటి అరచేతి చేపలకూ ఇదే సూత్రం, చల్లని నీళ్లలో ఉండే ట్రౌట్‌కూ ఇదే సూత్రం. ఈ అధ్యాయంలో మిగతాదంతా దీన్ని ఆచరణలో పెట్టడమే.

ముందు లైసెన్సు

రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ సైట్‌లో పది నిమిషాల పని. చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్లు నిండినవాళ్లకు, టెక్సస్‌లో 17 నిండినవాళ్లకు తప్పనిసరి. పౌరసత్వంతో పనిలేదు. ఆ రాష్ట్రంలో చట్టం చెప్పినన్ని నెలలు నివాసం ఉంటే (టెక్సస్‌లో ఆరు నెలలకు పైగా) స్థానికుల ధరకే ఇస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గట్టు మీద కూర్చుని చూడటానికి ఏమీ అక్కర్లేదు. వాళ్ల చేతికి రాడ్ ఇచ్చారంటే మాత్రం వాళ్లకూ కావాలి. పెద్దవాళ్లకిచ్చే రాయితీలు చాలాచోట్ల ఆ రాష్ట్రవాసులకే. అందుకే ఒకరోజు లైసెన్సు కొనడం మంచిది. వీసా మీద ఉన్న కుటుంబం, చిన్న రుసుముకు వెనకాడి జరిమానా కాగితం చేతికి తెచ్చుకోవడం నాకు ఏమాత్రం నచ్చని పని.

జూన్ మొదట్లో చాలా రాష్ట్రాలు ఒకటి రెండు రోజులు లైసెన్సు లేకుండానే పట్టుకోనిస్తాయి. టెక్సస్‌లో అది జూన్ మొదటి శనివారం. అక్కడి స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి పట్టడానికి ఏడాది పొడవునా లైసెన్సు అక్కర్లేదు. పిల్లలకు అలవాటు చేయాలనుకునే తల్లిదండ్రులు అక్కడే మొదలుపెట్టవచ్చు.

ఈ డబ్బు ఎక్కడికి పోతుందో కూడా తెలియాలి. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం రాడ్లు, రీళ్లు, కొక్కేల మీద వసూలయ్యే పన్ను రాష్ట్రాల మత్స్య శాఖలకు చేరుతుంది. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది తేల్చేటప్పుడు అక్కడ ఎంతమంది లైసెన్సు కొన్నారో కూడా చూస్తారు. అంటే మీ పేరు మీద ఒక లైసెన్సు ఉంటే మీ రాష్ట్రం చెరువులకు కాస్త ఎక్కువ డబ్బు వస్తుంది. మీరు ఒక్క చేప పట్టకపోయినా సరే.

ఇళ్ల సంఘం వాళ్ల చెరువైతే లైసెన్సుతో పాటు సంఘం అనుమతి కూడా అడగండి. గట్టు మీద బోర్డు ఉంటే పూర్తిగా చదవండి. రోజుకు ఎన్ని, ఎంత పొడవు, ఒక మనిషికి ఎన్ని రాడ్లు అన్నవి చెరువుకూ చెరువుకూ మారుతుంటాయి.

సామాను

అయిదున్నర, ఆరడుగుల అల్ట్రాలైట్ రాడ్ ఒకటి, దానికి తగిన చిన్న స్పిన్నింగ్ రీల్, 4 పౌన్ల నైలాన్ లైను. పిల్లలకైతే బొటనవేలితో బటన్ నొక్కే స్పిన్‌కాస్ట్ రీల్ ఇవ్వండి, లైను చిక్కుపడి ఏడవరు. దుకాణంలో అమ్మేవాళ్లు ‘దేనికైనా పనికొస్తుంది’ అని మీడియం రాడ్ చేతిలో పెడతారు. అది బాస్ వంటి పెద్ద చేపకు మంచిదే. అరపౌను చేప దానికి తగులుకుంటే తగులుకున్నట్టే తెలియదు.

కొక్కెం నంబర్ల లెక్క తిరగేసి ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. బ్లూగిల్‌కు 8 లేదా 10, ట్రౌట్‌కు 10 లేదా 12. కాడ పొడవుగా, తీగ సన్నగా ఉన్నది తీసుకోండి. చిన్న నోట్లోంచి బయటికి తీసేటప్పుడు ఆ పొడవే చేతికి అందుతుంది. కొక్కెం మొన వెనకాల ఉండే చిన్న ఎదురుముల్లును పటకారుతో నొక్కేస్తే ఇంకా మంచిది. లైను బిగువుగా ఉన్నంతసేపూ చేప జారిపోదు, తీసేటప్పుడు మాత్రం నోరు చీలదు.

బెండు దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. ఎరుపు తెలుపు రంగుల పెద్ద గుండ్రటి ప్లాస్టిక్ బెండు దూరానికి బాగా కనిపిస్తుంది కాబట్టి అది కొంటారు. బ్లూగిల్ ఎర తినే తీరు తెలిస్తే అది ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. ఈ చేప కొరికి తినదు, పీల్చుకుంటుంది. ఎర దగ్గరికి వచ్చి ఆగుతుంది, చూస్తుంది, నోరు ఒక్కసారి పెద్దదిగా తెరిచి ఎరతో పాటు చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాగుతుంది. నచ్చకపోతే అంతే వేగంగా బయటికి ఊదేస్తుంది. ఎరను లాగుతున్నప్పుడు పైనుంచి బెండు ఎదురు లాగితే ఆ ఊదేయడం వెంటనే జరుగుతుంది. అందుకే సన్నటి పెన్సిల్ బెండు కట్టి, దాని కొన మాత్రమే నీటి పైన కనిపించేలా చిన్న గుండ్లు లైనుకు నొక్కండి. ఊళ్లో జొన్నబెండు ముక్క కట్టి పరిగెలు పట్టినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

గుండ్లు సీసంవి కాకుండా తగరంవి కొనండి. నీళ్లలో తెగిపోయిన సీసం గుండ్లను లూన్ అనే నీటిపక్షి, తిండి అరగడానికి మింగే గులకరాళ్లతో పాటు మింగి చనిపోతుంది. అందుకే న్యూ హాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు చిన్న సీసం గుండ్ల మీద ఆంక్షలు పెట్టాయి. మీ రాష్ట్రంలో ఆంక్ష లేకపోయినా పక్షి పక్షే.

ఎర్ర గుచ్చడం

వాల్‌మార్ట్‌లో చేపల సామాను వరసలో ఒక చిన్న ఫ్రిజ్ ఉంటుంది. అందులో డబ్బాల్లో దొరికే నైట్‌క్రాలర్ చిటికెన వేలంత లావు, జానెడు పొడవు ఉండే ఎర్ర. రెడ్ విగ్లర్ అనేది సన్నగా, ఎర్రగా ఉండి చురుగ్గా మెలికలు తిరుగుతుంది. బ్లూగిల్‌కు నేను రెడ్ విగ్లర్‌నే ఎంచుకుంటాను. నైట్‌క్రాలర్ ఒక్కటే దొరికితే దాన్ని అంగుళం ముక్కలుగా గిల్లుకోవాలి. ఒక డబ్బాతో ఒక కుటుంబానికి పూట గడుస్తుంది. డబ్బా ఎండలో పెడితే అరగంటలో కుళ్లువాసన వస్తుంది. ఐస్ పెట్టెలో, ఐస్‌కు నేరుగా తగలకుండా ఉంచండి.

గుచ్చే పద్ధతి నిదానంగా చూడండి. ఎర్ర జిగురుగా ఉంటుంది కాబట్టి ముందు వేళ్లకు డబ్బాలోని మట్టి కొంచెం రాసుకోండి, పట్టు దొరుకుతుంది. తెగిన కొస వైపు నుంచి కొక్కెం మొన దూర్చి, సూదికి పూస ఎక్కించినట్టు ముక్కను కొక్కెం వంపు మీదుగా కాడ వైపు జరపండి. మొన ఎర్ర లోపలే, చర్మం కిందే ఆగాలి. చివర పావు అంగుళం మాత్రం వేలాడుతూ కదలాలి. ఆ వేలాడే తోక ఇంతకంటే పొడవైతే బ్లూగిల్ దాన్ని పట్టుకుని లాగి, కొక్కెం జోలికి రాకుండా తినేసి పోతుంది. బెండు పదేపదే వణికి, పైకి తీస్తే ఖాళీ కొక్కెం వస్తుంటే కారణం ఇదే. కొత్త ముక్క ఇంకా చిన్నది పెట్టండి.

పురుగును గుచ్చడం చూడలేని పిల్లలు ఉంటారు, పెద్దలూ ఉంటారు. వాళ్లను వెక్కిరించకండి, బలవంతపెట్టకండి. చపాతీ పిండి గట్టిగా కలిపి, బఠాణీ గింజ కంటే చిన్న ఉండ చేసి పెట్టినా బ్లూగిల్ తీసుకుంటుంది. ఎర్రతో పడినన్ని పడవు, త్వరగా ఊడిపోతుంది. అయినా ఆ పిల్లాడు గట్టు మీద మీ పక్కనే ఉంటాడు.

బ్లూగిల్ ఉన్న చోటు

చెరువు దగ్గరికి వెళ్లగానే గాలం వేయకండి. గట్టుకు నాలుగైదు అడుగులు వెనకే ఆగి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లు చూడండి. మీ నీడ నీటి మీద పడకూడదు. దబదబా నడిస్తే అదురు నేలలోంచి నీటికి చేరుతుంది, చేపకు తెలిసిపోతుంది. పిల్లలను ముందుగా గట్టు అంచుకు పరిగెత్తనిస్తే మొదటి పావుగంట పోయినట్టే.

నీళ్లు 67 నుంచి 80 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు బ్లూగిల్ గుడ్లు పెడుతుంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఏప్రిల్ నుంచే, ఉత్తరాదిన మే చివరి నుంచి మొదలై వేసవిలో పలుమార్లు జరుగుతుంది. మగ చేప తోకతో ఇసుక ఊడ్చి గుండ్రటి గుంట చేస్తుంది. రెండు మూడడుగుల లోతులో, నల్లటి అడుగు మీద లేతరంగు గుంటలు పక్కపక్కనే కనిపిస్తే అక్కడ గుంపంతా ఉన్నట్టే. గుడ్లు కాస్తున్న మగది ఏ చిన్న ముక్క తన గుంట మీద పడినా నోట పట్టి తీసేస్తుంది. ఈ రోజుల్లో బ్లూగిల్ పట్టడానికి నేర్పు కూడా అక్కర్లేదు.

అక్కర్లేదు కాబట్టే ఇక్కడ సంయమనం కావాలి. గుంట మీద ఉన్న పెద్ద మగచేపలన్నిటినీ తీసుకుపోతే గుడ్లు తినడానికి వేరే చేపలు కాచుకుని ఉంటాయి. అంతకన్నా పెద్ద నష్టం తర్వాత తెలుస్తుంది. పెద్ద మగవి లేని చెరువులో చిన్న మగవి ఎదగకముందే గుడ్ల పనిలో పడి, ఆ శక్తంతా అటు ఖర్చయి, చిన్నవిగానే మిగిలిపోతాయి. కొన్నేళ్లకు చెరువు నిండా మూడంగుళాల చేపలే. మిన్నెసోటా రాష్ట్రం ఈ కారణంతోనే ఎంపిక చేసిన చెరువుల్లో రోజువారీ పరిమితిని 5 లేదా 10 చేపలకు తగ్గించింది. మీ వంతుగా మధ్యరకంవి తీసుకోండి, రొమ్ము నారింజ రంగులో మెరిసే పెద్ద మగవాటిని తిరిగి నీళ్లలో వదలండి.

గుడ్ల కాలం కానప్పుడు వెతకాల్సినవి: పడిపోయిన చెట్టు కొమ్మలు, చెక్క వంతెన కింది నీడ, నాచు ఆగిపోయి తెల్లటి నీళ్లు మొదలయ్యే అంచు. మొదటి గాలం గట్టు వెంబడి, మీకు పక్కగా వేయండి. రెండోది కొంచెం ముందుకు, మూడోది ఇంకొంచెం ముందుకు. దగ్గరి నీళ్లు పూర్తిగా చూశాకే దూరం పోవాలి. బెండుకూ కొక్కేనికీ మధ్య రెండడుగులతో మొదలుపెట్టి, అయిదు నిమిషాల్లో ముట్టకపోతే ఆరంగుళాలు పెంచండి. నడివేసవి మధ్యాహ్నం ఆరడుగుల లోతు దాకా వెళ్లాల్సి రావచ్చు. ఆ లోతుకు లైను మీద జారే బెండు కావాలి.

ఎర వేసి ఊరికే కూర్చోవద్దు. బెండు కదలిక ఆగాక కొద్దిసేపు చూసి, రీల్ అర చుట్టు తిప్పి ఆపండి. బెండు జానెడు జరుగుతుంది, కింద ఎర్ర పైకి లేచి మళ్లీ నెమ్మదిగా దిగుతుంది. ఆ దిగేటప్పుడే ఎక్కువసార్లు ముడుతుంది. బెండు వణుకుతుంటే ఆగండి, ఇంకా రుచి చూస్తోంది. వాలుగా పక్కకు జారినా, మునిగినా మణికట్టుతో రాడ్ కొన పైకెత్తండి. అంతే చాలు. భుజం విసిరి లాగితే ఎర్ర ఒకవైపు, చేప ఒకవైపు. మరీ ఆలస్యమైతే గొంతులోకి మింగుతుంది, దాన్ని వదలడం కష్టం. వేలెడంతవే పడుతుంటే అక్కడే ఒక అడుగు లోతు పెంచండి, పెద్దవి తరచూ చిన్నవాటి కింద ఉంటాయి.

ఎంత పెద్దవి పడతాయని పిల్లలు అడుగుతారు. 1950లో అలబామాలోని కెటోనా చెరువులో 4 పౌన్ల 12 ఔన్సుల బ్లూగిల్ పడింది. ఆ ప్రపంచ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మనకు పడేవి అరచేయంత ఉంటే సంతోషించాలి.

వెన్ను మీద ముళ్లు ఉంటాయి. తల వైపు నుంచి తోక వైపుకు అరచేతితో నిమురుతూ పట్టుకుంటే ముళ్లు వాటంతటవే పడుకుంటాయి. ముందుగా చెయ్యి నీళ్లలో తడపండి. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు ఊడివస్తుంది, వదిలిన తర్వాత ఆ చోట చేపకు జబ్బు పట్టుకుంటుంది.

ట్రౌట్ దగ్గర

ట్రౌట్ చల్లని నీటి చేప. 50 నుంచి 65 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య హుషారుగా ఉంటుంది. 68 దాటితే నీటిలో ప్రాణవాయువు చాలక అలసిపోతుంది. అప్పుడు పట్టి వదిలినా బతకకపోవచ్చు, కాబట్టి ఆ రోజు ట్రౌట్ మాట మరిచిపోయి బ్లూగిల్ దగ్గరికి వెళ్లండి. జేబులో చిన్న థర్మామీటర్ పెట్టుకోవడం ఖరీదైన పనేమీ కాదు.

చాలామంది తెలుగువాళ్లకు మొదటి ట్రౌట్ ఊరి చెరువులోనే పడుతుంది. టెక్సస్ ప్రభుత్వం చలికాలంలో, సుమారు డిసెంబరు నుంచి మార్చి దాకా, నగరాల్లోని పార్కు చెరువుల్లో రెయిన్‌బో ట్రౌట్ వదులుతుంది. ఎండలు ముదిరితే అవి ఆ నీళ్లలో బతకవు. అందుకే పరిమితి మేరకు (అక్కడ రోజుకు అయిదు) ఇంటికి తీసుకుపోవడంలో సంకోచం అక్కర్లేదు. న్యూజెర్సీలో పెక్వెస్ట్ హేచరీలో పెంచిన ట్రౌట్‌ను ఏటా నదుల్లో, చెరువుల్లో వదులుతారు. పిల్లలతో వెళ్లి చూడదగ్గ చోటు. పెన్సిల్వేనియాలో ట్రౌట్ సీజన్ ఏప్రిల్ మొదటి శనివారం మొదలవుతుంది. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, జార్జియా వంటి చోట్ల మామూలు లైసెన్సు మీద ట్రౌట్‌కు విడిగా అనుమతి కొనాలి. కొన్ని వాగుల్లో ఎర్రలే నిషిద్ధం, కృత్రిమ ఎరలే వాడాలని బోర్డు ఉంటుంది. అలాంటి చోట డబ్బా కారులోంచి కూడా దించకండి.

చెరువులో వదిలిన ట్రౌట్ మొదటి కొన్ని రోజులు చేపలను తెచ్చిన లారీ ఆగిన చోటికి దగ్గర్లోనే, గట్టు వెంబడే గుంపుగా తిరుగుతుంది. బ్లూగిల్‌కు కట్టిన గాలమే పనికొస్తుంది, లోతు మాత్రం మూడు నాలుగు అడుగులు. అడుగున ఆకులు కుళ్లి నాచు ఎక్కువగా ఉంటే ఎర అందులో కూరుకుపోతుంది. ఎర్రలోకి సూది ఉన్న చిన్న సీసాతో గాలి ఎక్కించి తేల్చే పద్ధతి ఇక్కడివాళ్లు వాడతారు. గుండు అడుగున కూర్చుంటుంది, ఎర్ర దాని పైన అడుగు ఎత్తున తేలుతూ ఊగుతుంది. సూది వేలికి గుచ్చుకోకుండా ఎర్రను డబ్బా మూత మీద పెట్టి ఎక్కించండి.

ఏటిలో పద్ధతి మారుతుంది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది, తిండి నీటితో పాటు కొట్టుకువస్తుందని ఎదురుచూస్తుంది. కాబట్టి మీరు దిగువన నిలబడి ఎగువకు వేయాలి. అప్పుడు మీరు దాని వెనక ఉంటారు, ఎర దాని ముందునుంచి వస్తుంది. ఇక్కడ ఎర్రను పూసలా ఎక్కించకూడదు. రెండంగుళాల సన్నటి ఎర్రను నడుముకు ఒక్కసారి గుచ్చి రెండు కొసలూ వదిలేయాలి. బెండు తీసేయండి. కొక్కేనికి పదంగుళాల పైన ఒక్క చిన్న గుండు నొక్కండి. అది అడుగున రాళ్లను అప్పుడప్పుడు టక్ టక్‌మని తగులుతూ నీటి వేగంతోనే రావాలి. అసలు తగలకపోతే బరువు చాలలేదు, ఆగిపోతుంటే ఎక్కువైంది. రాడ్ కొన ఎత్తిపెట్టి, వదులైన లైనును చుట్టుకుంటూ ఉండండి. టక్ టక్ మధ్యలో లైను ఎక్కడ ఆగినా, ఎదురు జరిగినా అది చేప అనుకుని రాడ్ ఎత్తాల్సిందే.

ఏటిలోనూ దగ్గరి నీళ్లే ముందు. గట్టు కింద నీరు తొలిచిన సొరంగం, పెద్ద రాయి వెనక నిలకడ నీరు, వడినీరూ మందనీరూ ఒరుసుకునే గీత, ఈ మూడింటినీ గట్టు మీద నుంచే చూడండి. బూట్లు వేసుకుని నేరుగా నీళ్లలోకి దిగేవాళ్లు తరచూ మొదటి అడుగుతోనే ఆనాటి మంచి చేపను బెదరగొడతారు.

ఎర్రతో ఒక చిక్కుంది. ట్రౌట్ దాన్ని లోతుగా మింగుతుంది. అలా మింగిన చేప గొంతులోంచి కొక్కెం పెరికితే బతకదు. వదలాల్సిన కొలత చేప అయితే నోటి దగ్గర లైను కత్తిరించి వదిలేయండి, బతికే అవకాశం అలాగే ఎక్కువ. పట్టినవన్నీ వదిలేద్దామన్నదే మీ ఉద్దేశమైతే ట్రౌట్‌కు ఎర్ర వాడకపోవడమే ధర్మం. తూర్పు కొండల్లోని చిన్న వాగుల్లో అక్కడే పుట్టి పెరిగే బ్రూక్ ట్రౌట్ ఉంటుంది. రెయిన్‌బో పసిఫిక్ తీరం నుంచి తెచ్చినది, బ్రౌన్ 1880లలో ఐరోపా నుంచి తెచ్చినది. అక్కడి సొంత చేప బ్రూకే. దాని మీద ఎర్ర ప్రయోగించవద్దని నా మనవి.

వంటింటికి

తీసుకుపోదామనుకున్న చేపను గిలగిలలాడనివ్వకండి. తల మీద గట్టిగా ఒక్క దెబ్బ వేసి వెంటనే ఐస్‌లో పెట్టండి. ట్రౌట్ మాంసం మరీ మెత్తన, ఎండలో గంట ఉంటే పాడైపోతుంది. మీరు పట్టిన చోటి చేప వారానికి ఎన్నిసార్లు తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ సూచనలు ఇస్తుంది. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉంటే తప్పక చూడండి.

బ్లూగిల్ పొలుసును చెంచాతో తోక నుంచి తల వైపు గీకి, తల కోసి, పొట్ట శుభ్రం చేసి, రెండు పక్కలా గాట్లు పెట్టండి. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి ఇనప పెనం మీద వేపడమే దీనికి సరైన వంట. ట్రౌట్‌కు పొలుసు తీయనక్కర్లేదు. పొట్ట కోశాక వెన్నెముక వెంబడి నల్లటి నెత్తురు గీత ఉంటుంది, దాన్ని బొటనవేలి గోరుతో గీకేసి కడిగితేనే నీచు పోతుంది. పులుసు పెట్టాలంటే పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక చివరి అయిదారు నిమిషాలు మాత్రమే వేయండి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. ముందే వేస్తే ముక్క మిగలదు.

డబ్బాలో మిగిలిన ఎర్రలు

ఇంటికి బయలుదేరే ముందు మనవాళ్లు చాలామంది మిగిలిన ఎర్రలను చెట్టు కింద మట్టిలో వదిలేస్తారు. వానపాము రైతు మిత్రుడని బడిలో చదువుకున్నాం, ప్రాణం నిలిపామన్న తృప్తి కూడా ఉంటుంది. మంచి మనసుతో చేసే ఈ పని అమెరికా ఉత్తరాది అడవులకు నిజంగా హాని చేస్తోంది. మంచుయుగంలో మంచు కప్పేసిన ఆ నేలల్లో సొంత ఎర్రలు లేవు. అవి లేకుండానే వేల ఏళ్లుగా అక్కడి అడవి పెరిగింది. రాలిన ఆకు ఏళ్లతరబడి మెత్తటి పొరగా పేరుకుంటుంది, చెట్ల విత్తనాలు, అడవిపూలు, ఫెర్నులు ఆ పొరలోనే మొలకెత్తుతాయి. దుకాణంలో అమ్మే నైట్‌క్రాలర్, రెడ్ విగ్లర్ రెండూ ఐరోపా నుంచి వచ్చినవి. అవి చేరిన అడవిలో ఆకుపొర కొన్నేళ్లలో మాయమై నేల బోసిపోతుంది, కింద మొలవాల్సిన మొక్కలు మొలవవు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని ఏళ్లుగా నమోదు చేస్తున్నారు. ఎర్రలు సొంతంగా చాలా నెమ్మదిగా పాకుతాయి. అడవి నుంచి అడవికి వాటిని మోసేది మనుషులే, అందులో గాలం వేసేవాళ్ల వాటా పెద్దది.

అందుకని మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా, మిగిలిన ఎర్రలను మట్టిలోనూ నీళ్లలోనూ వదలకండి. పక్కన గాలం వేస్తున్నవాళ్లకు ఇవ్వండి, లేదా మూత బిగించి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, వచ్చే శనివారం దాకా బాగానే ఉంటాయి. ఆ రెండూ కుదరకపోతే డబ్బాతో సహా చెత్తబుట్టలో వేయండి. ఈ మాట గట్టు మీద కనిపించిన మరో తెలుగువారికి కూడా చెప్పండి.